పన్నెండున్నర డిగ్రీలు

ఫిబ్రవరి. హల్ నగరం. రాత్రి రెండున్నర.
గాజుతోటలో బాయిలర్ దగ్గి, దగ్గి, ఆగిపోయింది.
కీత్‌కి ఫోన్ చేశాను. నలభై నిమిషాలన్నాడు.
అంటే గంటన్నర.

లోపల బూరుగు.
మూడంతస్తుల ఎత్తు, ఒంటినిండా ముళ్ళు,
మెడలో పలకమీద లాటిన్ పేరు,
దానికింద "దయచేసి ముట్టుకోవద్దు."
పిల్లలు వచ్చేదే ఆ ముళ్ళని ముట్టుకోడానికి.

మొక్కై వంగనిది మానై వంగదంటారు.
మార్జరీ ఉద్యోగంలో చేరిన ఏడు ఇది మోకాలెత్తట,
అప్పుడు నిటారుగానే ఉండేదట.
అద్దం కప్పు తగిలాక వంగడం నేర్చుకుంది.
ఇప్పుడు పై కొమ్మ
తక్కువ గుమ్మంలో పొడుగు మనిషిలా
తల పక్కకి వాల్చి నిలబడుతుంది
ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టు.

బయట, అద్దానికి జానెడు అవతల, ఆ పువ్వు.
స్నోడ్రాప్. తెలుగులో పేరు లేదు.
మూడేళ్ళుగా పెడుతున్నాను, ఏదీ అతకదు.
మంచుబొట్టు అంటే పెళ్ళిపీట గుర్తొస్తుంది.
తెల్లజుంకా అంటే చెవి గుర్తొస్తుంది.
వదిలేశాను.
బెత్తెడు కాడ, దాని చివర వాలిన తల.
దీన్నెవరూ వంచలేదు. వంగే పుట్టింది.

థర్మామీటర్ పదిహేడు.
పదహారున్నర.

ఒకటి నా గోరంత తెలుపు,
ఇంకోటి నా రెండు చేతులకీ అందని బోదె.
బూరుగుకయ్యే గ్యాస్ బిల్లుతో
మా వీధి వీధంతా శీతాకాలం దాటెయ్యొచ్చు.
పువ్వుకి ఎవరూ ఏమీ చెయ్యరు.
కొత్తలో ఓసారి జాలిపడ్డాను.
నాలుగు దుంపలు కుండీలో పెట్టి లోపలికి తెచ్చాను,
పాపం, వెచ్చగా ఉంటాయని.
పది రోజులకి ఆకులు సాగి, పాలిపోయి,
మట్టిమీద పడుకున్నాయి.
మార్జరీ తిట్టలేదు.
కుండీని మోసుకెళ్ళి మంచులో దింపి వచ్చి
నాకు టీ పోసింది.
"చలి దాని తిండి" అంది.

పదిహేను.
స్టోరులో ఉన్న దుప్పట్లన్నీ తెచ్చి బోదెకి చుట్టాను.
ఏనుగుకి చేతిరుమాలు.
నా శాలువ కూడా తీశాను, అది ముళ్ళకి పట్టుకుంది,
లాగితే చిరుగుతుందని అలాగే ఉంచేశాను.

ఈ మధ్యే ఆకులన్నీ రాల్చింది బూరుగు.
చెట్టు చచ్చిపోయినట్టుందని
సందర్శకుల పుస్తకంలో ఎవరో రాశారు.
చావు కాదది.
ఎక్కడో అటువైపు ఎండలు దగ్గరపడుతున్నాయని
ఎవరు చెప్పారో దీనికి.
కవరులో విత్తనంగా వచ్చి, ఈ కప్పుకిందే మొలిచి,
ఒక్క నిజం ఎండనీ చూడకుండా పెరిగింది.
అయినా మోడు కొమ్మ చివర నల్లగా మొగ్గలు.
నేను తలపెట్టుకున్న మొదటి దిండు
బూరుగు దూదిదే అనుకుంటాను.
గట్టిగా చెప్పలేను.

పదమూడున్నర.
టార్చి వేస్తే అద్దంలో రెండూ ఒకేచోట కనిపించాయి,
మొగ్గల కొమ్మ, దాన్ని దాటి ఆ తెల్లచుక్కలు,
మధ్యలో నా మొహం, నోటి ఆవిరి.
ఆవిరిని చేత్తో తుడిచాను.
మళ్ళీ పట్టింది.

వాన్ లైటు కనబడింది.
గేటు నుంచి బాయిలర్ గదికి అడ్డదారి గడ్డిమీదుగానే.
కీత్ పరుగులాంటి నడక నడిచాడు,
పువ్వుల దగ్గరికొచ్చి ఆగాడు,
చేతిలో అంత బరువు పెట్టె పెట్టుకుని
బూటు ఒక్కదాని మీదా పడకుండా
చుట్టూ తిరిగి వచ్చాడు.
అర నిమిషం పట్టింది.

ఆ అర నిమిషం చలి బూరుగు ఖాతాలో పడింది.
నేను పుస్తకం తెరిచి
పన్నెండున్నర అని రాసి, సంతకం పెట్టాను.
అర నిమిషం సంగతి రాయలేదు.