కంట్రోలు కన్ను

మంగళవారాలు కబేళా నుంచి బకెట్టు వచ్చేది.
మంచుముక్కల మధ్య నలభై కళ్ళు,
ఒక్కటీ మూతపడనివి.
వైనో రసీదు మీద సంతకం తీసుకునేవాడు,
ఎందుకని ఏనాడూ అడగలేదు.

తుర్కులో, ఔరా నది వంపు దగ్గర, మూడో అంతస్తు.
నేను గాజుసామాను కడిగేదాన్ని.
డాక్టర్ గున్వోర్ లిండ్రోస్ కత్తెర పట్టి
ఒక్కో కన్నూ విప్పి ఒక్కో గోలీ తీసేది.
గోలీ అన్నది నా మాట. ఆమెకది కటకం.
పాత పేపరు మీద పెట్టి
అక్షరాలు పెద్దవయ్యాయో లేదో చూశాకే తూచేది.
ముప్పై ఏళ్ళూ ఆ ఆట మానలేదు.

చేపలు పట్టేవాడి కూతురు.
ద్వీపంలో వాళ్ళమ్మ చేపల చారు కాస్తే
గిన్నె అడుగున ఒక తెల్లపూస దొరికేదట.
అది కంట్లోదని తెలిసిన రోజు రొట్టె ముట్టలేదు.
"పొద్దున వలలోంచి నన్ను చూసిన కన్నే.
మధ్యలో ఏం చెడింది?"
ఆ ఒక్క ప్రశ్నకే ఇన్నేళ్ళూ జీతం తీసుకున్నానని నవ్వేది.

ఆ రోజుల్లో దేశమంతా వెన్న మీద యుద్ధం.
తూర్పున మగవాళ్ళు నలభై దాటకుండానే
గుండె పట్టుకుని కూలుతున్నారు.
మా అన్న ఎన్సియో పడింది పాలక్యాన్ల పక్కనే.
బడిలో, బస్సులో, పోస్టాఫీసు గోడ మీద
ఒకటే దొంగ పేరు: కొలెస్టరాల్.
ఆ దొంగను ఈమె కంట్లో పట్టుకుంది,
ఒంట్లో మరే పొరలోనూ లేనంత.
పట్టుకుని, వీడు కాపలావాడు అంది.

కణం తన కేంద్రకాన్నే పారేసి
ఇంట్లో సామానంతా బయట పెట్టి
వెలుగుకి దారి వదిలాక
మిగిలేవి పొరలే.
వాటిని వరస తప్పకుండా నిలబెట్టేది ఇదేనంది.
వాళ్ళ నాన్న చెప్పేవాడట:
అడుగు కనబడే నల్లమంచు మనిషిని మోస్తుంది,
తెల్లమంచును నమ్మకు, దాన్నిండా గాలే.

హెల్సింకి కమిటీ డబ్బు ఇవ్వలేదు.
జీతం పాలసంఘం ఇస్తుందా అని ఒకాయన వేళాకోళం.
మొత్తం పొరపాటు అని రాశారు.
పొర అన్నంతవరకు సరిగ్గానే రాశారు, అంది,
క్లోరోఫాం సొంత డబ్బుతో కొంది.

నాకూ కోపమే.
ప్లేటు మీద ఆమ్లం చల్లి వేడి చేస్తే
ఊదారంగు మచ్చ లేచేది.
మా అన్నను తిన్న రంగు ఇదే, అన్నాను ఒకసారి, పైకే.
చాలాసేపు ఆమె పిపెట్టు పట్టుకునే ఉంది.
"పిర్కో, అణువుకి పగ ఉండదు.
ఎక్కడుందన్నదే దాని గుణం."
నాకది ఓదార్పు కాలేదు.
మర్నాడు ప్లేట్లు మాత్రం రెండుసార్లు తోమాను.

పోయిన మార్చిలో ఆమె కళ్ళకే పొరలు కమ్మాయి.
కుర్ర సర్జను, నురగలా చిదిపి పీల్చేస్తామన్నాడు.
"నడిమధ్య గింజ మా అమ్మ కడుపులో కట్టింది,
ముప్పై ఎనిమిదిలో.
తర్వాత దాన్నెవరూ మార్చలేదు.
ఆ చలికాలం అమ్మ తిన్న చేప అందులో ఉంది.
పారబోయకండి."

ఫ్రీజర్లో, ఎద్దుల కళ్ళ వరసలోనే, ఒక చిన్న సీసా.
చీటీ మీద ఆమె రాత: ఆడ. 79. ఎడమ.
నిజానికి ఇంకా తెరవలేదు.
రేపు అంటుంది. మంగళవారం అంటుంది.

కుడి కన్నెప్పుడని అడిగాను.
"అది తీయించను.
కంట్రోలు ఉండొద్దూ?"

కిటికీ దగ్గర నిలబడి
ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి
గడ్డకట్టిన నదిని చూసింది.
ఎడమ కంట నీలం, ఇంత నీలమని మరిచేపోయిందట.
కుడి కంట అదే నది
పాత వెన్నరంగులో.
నోటుబుక్కులో నిలువుగా ఒక గీత గీసి
రెండు వైపులా రాసుకుంది.
గీత వంకర పోయింది.
తేదీ నన్ను వేయమంది.