పాటలకి లెక్క లేదు

కృష్ణానగర్‌లో మూడో అంతస్తు గది.
కింద జిరాక్స్ షాపు, పక్కన రికార్డింగ్ స్టూడియో, పైన నీళ్ల ట్యాంకు.
నా ముందు మూడు సినిమాలు, ఒకే బ్యాండు.
సోమవారం పొద్దున్నకి కింద తెలుగు పడాలి.
నిమిషానికి నూట పది.
పాటలకి లెక్క లేదన్నాడు ఫణీంద్ర,
పాటల్లో మాటలు ఎవడు చదువుతాడండీ, అని.

కాపర్ ఫెర్రీ వాళ్ల పేరు.
రాగి పడవ అని కొట్టి చూశాను.
బేగంబజార్‌లో సామాన్ల కొట్టులా ఉంది.
చెరిపేశాను. చెరిపేశాక కాసేపు బాగుందనిపించింది.

మొదటి సినిమాలో వాళ్లకి ఇరవై మూడేళ్లు.
నలుపు తెలుపు, ఇసక రాలినట్టు బొమ్మ.
కెమెరా పట్టుకున్నవాడు కూడా ఊగుతున్నాడు.
పాటకి ముందు పెద్ద పెట్టెలోంచి ఒక చప్పుడు.
రొద అందామంటే కాదు. ఝుంకారం అసలే కాదు.
టీకి దిగినప్పుడు
ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇస్త్రీ చేసే చంద్రయ్యని అడిగాను,
వానలో ఇది చేసే చప్పుడుని ఏమంటావని.
‘గుయ్యిమంటది మేడం, పేలే ముందు.’
పైకొచ్చి అదే కొట్టాను.

జనం అరుపులకి మాత్రం తడుముకోలేదు.
హోరు.
సముద్రం లేని ఊళ్లో కూర్చుని
నలభై ఆరు సార్లు.

రెండో సినిమా అంతా కుర్చీలే.
మిగిలిన ముగ్గురూ మూడు దేశాల్లో, మూడు దీపాల కింద,
ఎవరు ఎవరి డబ్బు తిన్నారో చెబుతుంటారు.
డ్రమ్స్ వాయించినవాడు చనిపోయాడు.
వాళ్ల భాషలో బతికినవాడికీ పోయినవాడికీ
మిత్రుడికీ దొంగకీ ఒక్కటే సర్వనామం.
తెలుగులో నేను తేల్చాలి:
వాడా, అతనా, ఆయనా.
బాకీ ఉన్నవాడిని అతను అన్నాను.
లాయరుని ఆయన అన్నాను.
పాడేవాడు చివర్లో కళ్లద్దాలు తీసి,
పోయినవాడి గురించి మూడే మాటలు అన్నాడు.
నేను రాసింది:
‘అతను ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాడు.’

మూడోదానికి రంగులున్నాయి. ఆకాశంలోంచి కూడా కెమెరాలు.
పాడేవాడికి స్టూలు వేశారు.
గిటారతను మోకాలికి పట్టీ కట్టుకున్నాడు.
డ్రమ్స్ వెనక ఎవరో కుర్రాడు,
ఒక్క దెబ్బ తప్పు పోడు.

ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయి
పక్క స్టూడియో వాళ్లు బయటికొచ్చారు.
ఏసీ గార్డ్స్ నుంచి మర్ఫా వాయించడానికి వచ్చిన మబ్రూక్ చాచా
నా ల్యాప్‌టాప్ వెలుగు చూసి గుమ్మంలో నిలబడ్డాడు.
ఒక ఇయర్‌ఫోన్ ఆయన చెవిలో, ఒకటి నా చెవిలో.
కుర్రాణ్ణి విని ‘అచ్ఛా’ అన్నాడు, అంతే.
నలుపు తెలుపు వాణ్ణి పెట్టాను.
మూడుసార్లు వెనక్కి తిప్పమన్నాడు.
‘ఎడమ చెయ్యి చూడమ్మా. లేటు కొడతాడు.
తెలియక కాదు.
పెళ్లికొడుకు గుర్రం దిగేదాకా
మేం ఆఖరి దెబ్బ ఆపుతం చూడు, అట్ల.’

కరెంటు వచ్చింది. ఆయన వెళ్లిపోయాడు.
గోడవతల మర్ఫా మొదలైంది.
నేను రెండో సినిమా మళ్లీ తెరిచాను,
గంటా ఇరవై రెండు నిమిషాల దగ్గర.
కళ్లద్దాలు తీశాడు. మూడు మాటలు.
చెరిపి రాశాను:
‘వాడు ఎప్పుడూ ఒక్క క్షణం ఆగి కొట్టేవాడు.’
రెండు అక్షరాలు గీత దాటాయి, దాటనీ.
అతను తీసేసి వాడు పెట్టినందుకు
ఫణీంద్ర ఫోన్ చేస్తాడు, చెయ్యనీ.

రాత్రి రెండున్నరకి ఫైళ్లు పంపాను.
నిద్ర రాక మొదటి సినిమా పెట్టుకున్నాను,
లెక్కలో లేని పాట దగ్గర.
పెట్టె గుయ్యిమంటోంది.
ఎడమ చెయ్యి పైకి లేచి అక్కడే ఉంది.
కింద ఏ మాటా పెట్టలేదు నేను.