నాలుగో మూత్రపిండం

మంగళవారం. తార్నాక నుంచి తొలి బస్సు.
ఆసుపత్రి తూకం మీద నిలబడితే
రెండు కిలోల మూడొందలు ఎక్కువ.
అన్నీ తాగిన నీళ్లే.
సలోమి సిస్టర్ కళ్లతోనే తిట్టి
రెండు సూదులు గుచ్చింది,
ఒకటి తీసుకునేది, ఒకటి తిరిగిచ్చేది.

ముప్ఫై ఒక్కేళ్లు జువాలజీ ల్యాబులో డిమాన్‌స్ట్రేటర్ని.
ఫార్మలిన్ వాసన అన్నం ముద్దలోకీ వచ్చేది.
మైనం పళ్లెంలో కప్పను వెల్లకిలా గుచ్చి
"ఇవీ మూత్రపిండాలు" అని చూపించిన వేళ్లు
ఇప్పుడు దుప్పటి అంచు పట్టుకుని వణుకుతున్నాయి.

పక్క మంచం యాకూబ్ భాయ్. బార్కస్‌లో టైర్ల కొట్టు.
బక్రీదు ముందు వాళ్ల గల్లీకి ఒంటె వచ్చిందట.
"వారం దాంక నీళ్లు ముట్టలే సార్, మస్తుగ నిలబడ్డది.
దాని గుర్దా నాకెందుకియ్యలే అల్లా?"

అడిగింది ఎవరికీ దొరకలేదు భాయ్,
ఉన్నదానికే అతుకులేసుకుంటూ వచ్చారందరూ.
రామ్‌నగర్ టబ్బులో చేపకు చుట్టూ నీళ్లే,
విషాన్ని మొప్పల్లోంచి అలా వదిలేస్తుంది.
కప్ప గట్టెక్కింది. నీళ్లు దాచుకోవాల్సొచ్చి
ఆ విషాన్నే యూరియాగా మెత్తబరిచింది.
గుడ్డులో మూసుకుని పెరిగే పిల్లకి
పారబోసే చోటే లేదు, తెల్లటి ముద్ద చెయ్యడం నేర్చింది.
అదిగో, కిటికీ ఏసీ మీద
పావురాలు రాసిన ఆ పాఠమే ఎండిపోయి ఉంది.
సున్నం కాదది.

"మరి ఒంటె?"
రోజు విడిచి రోజు నల్లా వచ్చే కాలంలో
మా అమ్మలాగా, చుక్కచుక్కకీ లెక్క.

మనిషి సంగతి అడక్కముందే నిద్రపోయాడు.
నాకు నేనే చెప్పుకున్నాను:
తల్లి కడుపులో మనకు మూడుసార్లు మొలుస్తాయి.
మొదటిది మెడ దగ్గర, పనిలో చేరకుండానే పోతుంది.
రెండోది కొన్నాళ్లు చేపలా, కప్పలా నడిచి కరిగిపోతుంది,
మగపిల్లల్లో దాని గొట్టం మాత్రం వేరే ఉద్యోగం చూసుకుంటుంది
(ఈ మాటకి వెనక బెంచీలు ఏటా నవ్వేవి).
మూడోది నిలుస్తుంది.
నాకు అరవై రెండేళ్లు నిలిచింది.

గాజుగొట్టంలో నెత్తురు కిందికి, మందునీళ్లు పైకి.
ఎదురెదురు.
ఎక్కడో చూశానీ దారి.
ఎర్ర సుద్దతో ఇటు బాణాలు, నీలం సుద్దతో అటు,
ప్రతి జులైలో బోర్డు నిండా నేను గీసిన మొప్ప.
ఎన్ని కోట్ల ఏళ్ల కింద వదిలేసి వచ్చామో దాన్ని,
గంటకింత అని అద్దెకు తెచ్చుకున్నాను.

పదీ నలభై. సలోమి ప్లాస్టర్ నొక్కి అంటుంది,
"రేపటిదాకా ముప్పావు లీటరే, మజ్జిగతో కలిపి."

ఏసీ పైపు చుక్కలు పడే గుంటలో ముక్కు ముంచి
తల ఎత్తకుండా తాగుతోంది పావురం.
పక్షుల్లో అందరికీ రాని విద్య అది.
యాకూబ్ భాయ్ ఎప్పుడు లేచాడో, దాన్నే చూస్తున్నాడు.
ఇద్దరం ఒకేసారి
ఉత్త గుటక వేశాం.