మూడక్షరాలు

ఆకివీడు స్టేషన్లో పార్సెలాఫీసు ఉండేది.
ఇప్పుడా గదికి తాళం,
తాళానికి తుప్పు,
తుప్పు మీద కొత్త రంగు.

నేనక్కడ గంపల మీద ఊరిపేరు రాసేవాణ్ణి.
బడి మొహం చూసింది లేదు.
గుమస్తా కామేశం గారు చుట్ట కాలుస్తూ
నేల మీద బొగ్గుతో గీసి చూపించారు.
హెచ్. డబ్ల్యూ. హెచ్.
"ఇదేరా హౌరా. ఇది తప్పితే చేప కుళ్లిపోద్ది."

అంతే నా చదువు.
మొదటిదీ చివరిదీ ఒక్క మెట్టున్న నిచ్చెనలు,
మధ్యది
నీళ్లలో ముక్కు ముంచిన రెండు కొంగలు.

కొబ్బరిపీచు కుంచె, డబ్బాలో నల్లరంగు.
రాత్రి పదకొండింటికి ఊక చల్లిన ఐసు,
ఐసు కింద శీలావతులు, బొచ్చెలు,
మొప్పల్లోంచి కొల్లేటి నీళ్లింకా కారుతుండగానే
గంపకి మూడక్షరాలు.
రోజుకి మూడొందల గంపలు.
చూడని ఊరికి
అన్ని ఉత్తరాలు రాసినవాడు ఇంకోడుంటాడా?

మా నాన్న నాంచారయ్యది అంతకు ముందు సంగతి.
అప్పుడు చిన్న లైను.
భీమారంలో దింపి పెద్ద లైను వ్యాగనుకి ఎక్కించాలి.
అదే ధాన్యం బస్తా, అదే వీపు, రెండు కూలీలు.
పట్టాలు మూడు జానలు ఎడం జరిపిన ఏడు
ఊరంతా కలిసి ఇంజనుకి కొబ్బరికాయ కొట్టింది.
నాన్న ఆ రాత్రి అన్నం ముట్టలేదు.
"మూడు జానలేరా,
మన పొయ్యి అందులో పడిపోయింది" అన్నాడు.

నా వంతొచ్చినప్పుడు ఎవరూ ఏమీ కొట్టలేదు.
ఓ ఏడు గంపలు రెండొందలు,
ఆ పైయేడు నలభై.
తెల్ల థర్మాకోలు పెట్టెలు దిగాయి,
లారీలు చెరువుగట్టు దాకా వచ్చాయి.
చేప స్టేషను గుమ్మం తొక్కకుండానే వెళ్లిపోయింది.

ప్యాసింజరు సంగతా?
ఉండిలో మంగతాయారు చల్లకుండతో ఎక్కేది.
ఆవిడ కుండ దించుకునేదాకా
గార్డు డేవిడ్రాజు పచ్చజెండా విప్పేవాడు కాదు.
ఆలస్యానికి కారణమని పుస్తకంలో ఏం రాసేవాడో!
ఇప్పుడు రెండు లైన్లు, పైన కరెంటు తీగ.
బండి చెప్పిన వేళకొచ్చి నిమిషం ఆగుతుంది.
ఆరేసిన చీర మీద మసి పడిందని
మా ఆవిడ రైలుని తిట్టే పని లేదు.
బాగానే ఉంది, అబద్ధమెందుకు.
నా మోకాళ్లకి ఆ నిమిషం చాలదు, అంతే.

పోయినేడు పింఛను కాగితం దగ్గర
వేలు పెట్టమన్నాడు కుర్రాడు.
మిషను గుర్తుపట్టలేదు.
గీతలన్నీ ఐసు ఎప్పుడో తినేసింది.
"సంతకం వచ్చా తాతా?"
వచ్చన్నాను.
కలం కుంచెలా పట్టుకుని రాశాను, ఒక్క ఊపులో, చెయ్యెత్తకుండా.

కుర్రాడు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.
"నీ పేరు పెద్దిరాజు కదా?"
"పేరు అదే బాబూ. ఇది చేరాల్సిన ఊరు."

నవ్వాడో లేదో చూళ్లేదు. సీలైతే పడింది.

తిరిగొస్తుంటే గేటు వేసేశారు.
గూడ్సు. అన్నీ మూసిన పెట్టెలు,
ఒంటినిండా ఏవేవో రాతలు,
నాకొచ్చిన మూడూ ఒక వరసలో ఎక్కడా లేవు.
నలభై రెండు దాకా లెక్కపెట్టాను.
వెనక స్కూటరువాడు హారను కొట్టాడు,
గేటు లేచింది.