ముప్పై ఒకటో నంబరు

ఇస్ట్రియాలో ఫిబ్రవరి.
ఫైరింజన్ని బయట చలిలో నిలబెట్టి
షెడ్డులో నాలుగు బల్లలు వేశారు.
బూరా గాలి రేకు తలుపుని
అప్పులవాడిలా బాదుతోంది.

నలభై రెండు సీసాలు.
ఒక్కోదానికీ ఉన్ని మేజోడు తొడిగి నంబరు కుట్టారు.
ఎవరి ద్రాక్షో ఎవరికీ తెలియకూడదు.
తీర్పు చెప్పేవాళ్ళ సీసాలూ వాటిలోనే ఉన్నాయి మరి,
చిన్న ఊరు, వేరే దారి లేదు.

నేను తాగను. రాస్తాను.
పోస్టాఫీసులో నా దస్తూరి చూసి
ఈ కుర్చీలో కూర్చోబెట్టారు.

ముందు తెల్లవి, మాల్వాజియా.
తెల్లమట్టి గట్ల మీద కాసినవి,
గడ్డివాము మీద సాయంత్రపు ఎండ రంగు.
నెవియా గ్లాసు తిప్పి, తుమ్మపూలు అంది.
లిబెరో, చివర్లో బాదం చేదు అన్నాడు.
ఒర్నెల్లాకి అన్నీ బాగానే ఉంటాయి,
ఆమెని పిలిచేది అందుకే.
పుక్కిలించి, బకెట్లో ఉమ్మి,
రొట్టెముక్క నమిలి, మళ్ళీ.
నరం లేని నాలుక ఎన్ని మాటలైనా అంటుంది గాని
పెన్సిలు ఒక్క అంకే వెయ్యాలి.

ఎజిదియో ముక్కుసూటి మనిషి.
ముప్పై ఏళ్ళుగా ఈ బల్ల దగ్గర
ఆయన పెదవి విరిస్తే
ఆ పీపా ఆ ఏడు వెనిగర్ అయినట్టే.
మొన్న ఆకు రాలే కాలంలో జ్వరం వచ్చి తగ్గింది,
పోతూ పోతూ వాసనల్ని మూట కట్టుకుపోయింది.
ఆ సంగతి ఆయన చెప్పలేదు.
పద్నాలుగో నంబరు చెప్పింది.

బిరడా చెడిన సీసా అది.
సరదాకి లిబెరో నా ముక్కు కిందా పెట్టాడు:
వానలో నానిన అట్టపెట్టె.
నెవియా గ్లాసు దూరం జరిపేసింది.
ఎజిదియో మాత్రం నిదానంగా పీల్చి
ఇరవైకి పదిహేడు వేశాడు.
అప్పుడు చూశాడు ఆమె కనుబొమలు.
రబ్బరు తీశాడు.
తొమ్మిది.
నేను కాగితం మీదికి వంగిపోయాను,
దొంగతనం చేసింది నేనైనట్టు.

ఇక అక్కణ్ణుంచి
ఆయన ముందు మొహాలు తాగాడు,
తర్వాతే వైను.

ఎర్రవి వచ్చాయి, తెరాన్.
ఎర్రమట్టివి. అంచున ఊదా జీర,
గ్లాసు కడిగినా వదలని మొండి రంగు.
ముప్పై ఒకటి దగ్గర
ముగ్గురూ ఒక్కసారే ఆహా అన్నారు.
ఆయన ఎవరి మొహమూ చూడలేదు.
కళ్ళు మూసుకుని గుటక వెయ్యకుండా ఉంచుకున్నాడు,
నాలుకతో చిగుళ్ళు తడుముకున్నాడు,
కరెంటు పోయిన ఇంట్లో
గోడ పట్టుకు నడిచేవాడిలా.
"వగరు," అన్నాడు, "ఇంకా పచ్చి వగరే.
తొందరపడి కోశాడు వీడెవడో.
వానకి భయపడ్డాడు."
పదకొండు.
ఈసారి రబ్బరు ముట్టుకోలేదు.

నియమం ప్రకారం
అన్నిటికన్నా ఎక్కువదీ తక్కువదీ కొట్టేసి
మిగిలిన రెండూ కూడాలి.
పదకొండు మీద గీత పెట్టింది నా చెయ్యే.

మేజోళ్ళు విప్పారు.
ముప్పై ఒకటికి వెండి పతకం.
లేబుల్ మీద ఎజిదియో పేరు.
చప్పట్లు. లిబెరో ఆయన వీపు చరిచాడు.
"భయపడ్డాను," అన్నాడాయన,
ఎవరితోనూ కాదు.

కుర్చీలు మడిచే వేళకి నా బల్ల దగ్గరికొచ్చి
అడుగున కాస్త మిగిలిన గ్లాసు పెట్టాడు.
"వాసన చూసి చెప్పు. నెమ్మదిగా."

వాళ్ళ మాటలు నాకు రావు.
"తుప్పు పట్టిన గేటు," అన్నాను, "వాన వెలిశాక.
ఏదో నల్లటి పండు, పేరు తెలీదు.
పొగాకు. గొర్రె ఉన్ని.
మీ కోటు. అదిగో, తలుపు దగ్గర తగిలించారే, అది."

నవ్వుతాడనుకున్నాను.
వెళ్ళి కోటు తీసి
దాని చేతిని ముక్కుకి ఆనించుకుని
చాలాసేపు అటు తిరిగి నిలబడ్డాడు.
నేను దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతూ
ఆయన వైపుది చివరికి వదిలాను.