లాకప్ లెక్క

చిత్తూరు జైల్లో సాయంత్రం ఆరింటికి
నూట డెబ్బై మూడు.
బరాక్ బరాక్‌కీ వేలు చూపించి లెక్కపెట్టి
రిజిస్టర్‌లో సంతకం పెడతా.
ఆ నూట డెబ్బై మూడులో నేను లేను.

ఇంట్లోనూ ఇదే పనంటాది వళ్లెమ్మ.
అర్ధరాత్రి లేచి
పండుకున్నోళ్లను లెక్కపెడతానంట.
గొళ్లెం మూడుసార్లు లాగి చూస్తానంట.
చిన్నది స్నానానికి పోయి కాస్త ఆలస్యమైతే
తలుపు గుద్దేస్తానంట.
"ఇది బాత్‌రూము నాయనా, సెల్లు కాదు"
అనింది ఒకరోజు. నవ్వతానే అనింది.

దానికి చెప్పలేదు నేను,
మామిడికాయల కాలంలో ఒక తెల్లారుజామున
గుజ్జు ఫ్యాక్టరీ వాసన గోడ దాటి వస్తా ఉంటే
తువ్వాలు ముడి కోసి
ఒకణ్ణి ఈ రెండు చేతుల్తో దించుకున్నానని.
పలమనేరు పక్క పిల్లోడు. ఇరవై రెండేళ్లు.
ఎంత వెచ్చగా ఉన్నాడో ఇంకా.

విచారణలో అడిగినారు:
ఎన్ని గంటలకు చూసినావు,
అంతకుముందు ఎన్ని గంటలకు చూసినావు,
మధ్యలో ఏం చేస్తా ఉంటివి.
నీకెట్లుందని అడిగే గడి
ఏ కాగితంలోనూ లేదు.
మరుసటి రాత్రి మళ్లీ నాకే డ్యూటీ. మనుషులు తక్కువ.
తోతాపురి తినడం మాత్రం మానేసినా.

శనివారం శనివారం తిరుపతి నుంచి ఒకమ్మ వస్తాది
ఖైదీలతో మాట్లాడను.
బయట నా కాపలా.
రేకు తలుపు, మాటలన్నీ వినపడతాయి.

"నిద్ర పడుతోందా?"
పడుతోందంటాడు లోపలోడు.
లేదంటా నేను, పెదాలు కదపకుండా.
"ఉన్నట్టుండి గుండె దడదడమంటుందా?"
వాడు ఆలోచిస్తాడు.
నేను ఆలోచించను.
"ఎవరితోనన్నా చెప్పుకున్నావా?"

నా చేతిలో తాళాల గుత్తి గలగలమనింది.
"ఎవరక్కడ?" అనిందామె.
"డ్యూటీ, మేడమ్" అంటి.

దొంగనోట్ల కేసు కుప్పన్న బయటికొస్తా
నా మొగం చూసి నిలబడినాడు.
"నాలుగు లెక్కపెట్టి పీల్చాలంట సార్,
ఆరు లెక్కపెట్టి వదలాలంట.
నాకు కుదర్లే. నువ్వు చూడు."
"నడువ్, నడువ్" అంటి.

ఈ రాత్రి గోడ మింద నిలబడినా.
బెంగుళూరు బస్సుల లైట్లు మలుపు తిరగతా ఉండాయి.
ఒకటి. రెండు. మూడు. నాలుగు.
వదిలేటప్పుడు, మూడుకాడ
ఆ పిల్లోడు అడ్డమొస్తాడు. లెక్క తప్పిపోతాది.
తప్పినా ఎవురూ మెమో ఇయ్యరు.

మళ్లీ ఒకటి.

శనివారానికి ఇంకా నాలుగు దినాలుంది.