పిల్లి ఖర్చు

మెరక కోసం తవ్వాం ఆ గుంట.
పోలేకుర్రులో ఇల్లు కట్టాలంటే
ముందు మట్టిని ఒప్పించాలి, పక్కకి జరగమని.
ఇల్లు ఎంత లేచిందో పెరడు అంత దిగింది.
దిగినచోట నీళ్ళు వచ్చి కూర్చున్నాయి,
పిలవకపోయినా పేరంటానికి వచ్చినట్టు.

ఆషాఢంలో నూకరత్నం రెండొందల పిల్లల్ని వదిలింది,
బొచ్చె, శీలావతి.
ముప్ఫయ్యేళ్ళు రైసుమిల్లు గుమాస్తాని,
చెయ్యి ఊరుకోదు.
ఎర్రట్ట పుస్తకం తీసి
జమ: రెండువందలు, అని రాసుకున్నాను.

ఖర్చు కార్తీకంలో మొదలైంది.
రేవు బల్ల మీద చేప తల ఒకటి,
చింతగింజలంత పొలుసులు,
తడి అడుగులు.
పిల్లివే, కాని గోళ్ళు పూర్తిగా దాచుకోని పిల్లివి.
"బావురుపిల్లండి" అంది పాలు పోసే మంగాయమ్మ,
"మడలోంచి వత్తాది. నీళ్ళంటే దానికి బెదురు లేదు."

ఆ తర్వాత మేం చేసినవి చెబితే నవ్వుతారు.
వల కప్పాం.
దాంట్లో కొంగ చిక్కింది; విడిపించబోతే నా చెయ్యి పొడిచింది.
మెరుస్తాయని పాత సీడీలు వేలాడదీశాం,
మా మరదలి పెళ్ళి సీడీతో సహా.
రాత్రంతా రేడియో మోగించాం.
వ్యవసాయ సూచనలు శ్రద్ధగా విన్నది కాబోలు,
తెల్లారేసరికి లావుపాటివే పోయాయి.
టైగరని కుక్కని తెచ్చాం.
మొదటి రాత్రి మొరిగింది.
రెండో రాత్రి మంచం కింద దూరింది.
మూడో రాత్రి నుంచి
మిగిలిన తలలు తింటూ వాటాదారైంది.

రొయ్యల చెరువు ఏసుబాబు వచ్చి గట్టు చూశాడు.
"తీగ లాగేద్దాం బాబాయ్, గంట పని."
అతని చెరువు చుట్టూ ఉంది ఆ తీగ.
పొద్దుగూకాక దాని పక్కన
గాలి కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుస్తుంది.
"చూద్దాంలే" అన్నాను.
మా మిల్లులో చూద్దాం అంటే
ఆ కాగితం మళ్ళీ కనపడదని.

మాఘంలో, పోటెక్కిన ఒక రాత్రి,
కిటికీలోంచి చూశాను దాన్ని.
బూడిద ఒంటి మీద చుక్కలు, పొట్టి తోక.
బల్ల అంచున కూర్చుని
ఒక చెయ్యి నీళ్ళమీద ఆనించి, తీసి, ఆనించి,
పసిపిల్లకి జ్వరం చూస్తున్నట్టు.
పురుగనుకుని చేప పైకి వచ్చింది.
తలతో సహా మునిగింది పిల్లి.
నీళ్ళు చప్పుడు చెయ్యలేదు.

"కేజింబావు" అన్నాను నేను.
"కడుపుతో ఉంది" అంది నూకరత్నం నా భుజం వెనకనుంచి.

ఫాల్గుణంలో పది రోజులు ఖర్చు లేదు.
పుస్తకం తెరిచి, ఖాళీ గడి చూసి, మూసేవాణ్ణి.
పదకొండో పొద్దున
ఏసుబాబు గట్టు మీద ఏదో పడి ఉందన్నారు.
చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాను.

నీటికుక్క.
మీసాలకి ఇంకా తడి,
వేళ్ళ మధ్య పలచటి తోలు, విప్పిన గొడుగులా.
ఒక్కసారి గుండె తేలికైంది: అది కాదు.
తేలికైనందుకు
ఇంటిదాకా తల వంచుకుని నడిచాను.
ఇది మాత్రం
ఏ పెరటి పుస్తకంలో ఖర్చు పడుతూ ఉండేదో.

నూకరత్నం ఏమీ అడగలేదు.
కాళ్ళకి నీళ్ళిచ్చింది.

ఎండలు ముదిరి గుంట సగానికి తగ్గాక
అడుగున బురద అద్దంలా ఆరింది.
దాని మీద పెద్ద అడుగులు,
పక్కనే రూపాయి బిళ్ళంత అడుగులు,
తిన్నగా నడవటం రానివి,
రెండు జతలో, మూడో.
టైగరు వాసన చూసి
నావైపు చూసింది, తన వాటా తగ్గుతుందా అని.

వానలు పడగానే
"ఇంకో వంద పిల్లల్ని తెండి" అంది నూకరత్నం.
తెచ్చాను. పుస్తకంలో ఎక్కడ రాయాలో
చాలాసేపు తోచలేదు.
చివరికి కొత్త పేజీలో రాశాను:
పిల్లలకి పిల్లలు, వంద.